యెర్బా మాతే రుచిలో సెగ పాలెంత, పొగ పాలెంత

దక్షిణ అమెరికాలో కోట్లమంది రోజూ తాగే యెర్బా మాతే అంతా ఒకే జాతి చెట్టు ఆకు. అయినా అర్జెంటీనా పొట్లం విప్పితే పసుపు తిరిగిన పచ్చరంగులో, పుల్లముక్కలు కలిసిన ముతక ఆకు కనిపిస్తుంది. దక్షిణ బ్రెజిల్ పొట్లంలో కళ్ళు చెదిరేటంత పచ్చని మెత్తటి పొడి ఉంటుంది. పరాగ్వే నుంచి వచ్చే కొన్ని రకాలు విప్పీ విప్పకముందే కట్టెల పొగ వాసన కొడతాయి. కొత్తగా తాగేవారు ఈ తేడాలను నేలకో, వానలకో, చెట్టు రకానికో ఆపాదిస్తుంటారు. వాటి ప్రభావం లేకపోలేదు గానీ, ఆకు కోసిన తరువాత దానికి తగిలే సెగ, దాని చుట్టూ తిరిగే పొగ, ఆపైన అది గోదాములో గడిపే కాలం రుచిని అంతకంటే ఎక్కువగా మారుస్తాయి. ఈ మూడింటినీ కలిపి ‘ఎండబెట్టడం’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం వల్లనే మాతే గురించిన రాతల్లో ఇంత తికమక కనిపిస్తోంది. పొగకు చెందాల్సిన గుణాన్ని సెగకూ, కాలానికి చెందాల్సిన గుణాన్ని చెట్టుకూ అంటగట్టడం అందులో భాగమే. అందుకే ఒక్కొక్క దశనూ విడదీసి, ఏ దశలో ఏ రుచి పుడుతుందో చూడవలసి ఉంది.

ముందుగా ఆకు సంగతి. మాతే చెట్టుకు, తేయాకు మొక్కకు బంధుత్వం లేదు. దాని శాస్త్రీయ నామం ఐలెక్స్ పరాగ్వారియెన్సిస్. యూరప్‌లో క్రిస్మస్ అలంకరణకు వాడే హోలీ చెట్టుదీ దీనిదీ ఒకే ప్రజాతి. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఓగుస్త్ ద సెంటిలేర్ 1822లో ఈ పేరు పెట్టారు. అంతకు ఎన్నో తరాల ముందునుంచే అక్కడి మూలవాసులైన గ్వరనీ ప్రజలు ఈ ఆకును వాడుతున్నారు. పరానా, పరాగ్వే, ఉరుగ్వే నదుల ఎగువ ప్రాంతపు తేమ అడవులు దీని పుట్టిల్లు. అర్జెంటీనాలో మిసియోనెస్ రాష్ట్రంలోనూ, దాని పక్కనున్న కొరియెంతెస్ రాష్ట్రపు ఈశాన్య భాగంలోనూ తప్ప మరెక్కడా ఇది పంటగా పండదు. బ్రెజిల్ దక్షిణ రాష్ట్రాలు, పరాగ్వే తూర్పు ప్రాంతం మిగతా సాగుభూములు. జెసూయిట్ మతప్రచారకులు 17వ శతాబ్దంలో విత్తనం మొలిపించే కిటుకు కనిపెట్టి తోటలు వేశారు. 1767లో స్పెయిన్ రాజు వారిని వెళ్ళగొట్టాక ఆ విద్య మరుగున పడి, వందేళ్ళకు పైగా వ్యాపారమంతా మళ్ళీ అడవి చెట్ల మీదే ఆధారపడింది.

తేయాకు తోటల్లో రెండాకులు, ఒక మొగ్గ చొప్పున లేత చిగుళ్ళు గిల్లుతారు. మాతేకు మాత్రం ముదిరిన దళసరి ఆకును సన్నని కొమ్మలతో సహా కత్తిరిస్తారు. అర్జెంటీనాలో ప్రధానమైన కోత ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే అక్కడి శరదృతువు మొదలుకొని చలికాలం చివరి వరకు సాగుతుంది. ఆ ఆకులో కెఫీన్, థియోబ్రోమిన్, క్లోరోజెనిక్ ఆమ్లాలు, సాపోనిన్లు ఉంటాయి. తేయాకు వగరుకు కారణమైన కాటెకిన్లు ఇందులో ప్రధానం కావు; వాటి స్థానంలో కాఫీ గింజల్లో పుష్కలంగా ఉండే క్లోరోజెనిక్ ఆమ్లాలు కనిపిస్తాయి. మాతే చేదు నాలుకకు టీ కంటే కాఫీని ఎక్కువగా గుర్తుచేయడానికి ఇదొక కారణం. నీళ్ళు పోసినప్పుడు పైన తేలే నురగకు, గొంతులో కాసేపు నిలిచే చేదుకు సాపోనిన్ల పాత్ర కూడా ఉంది. చెట్టు ఇచ్చే మూల సరుకు ఇంతే. మిగిలిన కథ నిప్పుతో మొదలవుతుంది.

మొదటి సెగ

కోసిన ఆకును అలాగే వదిలేస్తే కొద్ది గంటల్లో నల్లబడడం మొదలవుతుంది. ఆకు కణాలు చితికినచోట పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఫినాలిక పదార్థాలను ఆక్సీకరిస్తుంది. నల్ల టీ తయారీలో ఈ మార్పును కోరి తెచ్చుకుంటారు. మాతే తయారీలో ఇది లోపం. అందుకే కోసిన ఆకును సాధ్యమైనంత వరకు ఇరవైనాలుగు గంటల లోపే సపెకాదో అనే మొదటి దశకు చేరుస్తారు. పూర్వం గ్వరనీలు కొమ్మలను నేరుగా మంట మీద అటూ ఇటూ తిప్పి ఈ పని చేసేవారు. ఇప్పుడు నెమ్మదిగా తిరిగే పెద్ద ఇనుప స్థూపాకార గొట్టంలోకి ఒక చివర మంటను ఊదుతారు. ఆకు ఆ మంట గుండా దొర్లుతూ, అర నిమిషం నుంచి కొద్ది నిమిషాల లోపు రెండో చివర నుంచి బయటపడుతుంది. గొట్టం నోటి దగ్గర వేడి వందల డిగ్రీలు ఉన్నా, ఆకులోని నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది కాబట్టి ఆకు మాడిపోదు. లోపలి ఆవిరి బయటికి తన్నుకు రావడంతో ఆకు పైపొర చిటపటలాడుతూ పొక్కులు తేలుతుంది.

ఈ కొద్దిసేపటి సెగ మూడు పనులు చేస్తుంది. ఎంజైమును చంపి ఆకుపచ్చ రంగును నిలబెడుతుంది. పచ్చి ఆకు నలిపితే వచ్చే ఘాటైన పసరు వాసనను చాలావరకు పోగొడుతుంది. ఆకు అంచులకు సన్నని కమురు వాసన అద్దుతుంది. వేయించిన గింజలను పోలిన ఒక కమ్మదనం మాతేలో లీలగా తోస్తుందే, దానికి పునాది ఇక్కడే పడుతుంది. సూత్రం ప్రకారం ఇది చైనాలో గ్రీన్ టీ ఆకును మూకుడులో వేడిచేయడానికీ, జపాన్‌లో ఆవిరి పట్టడానికీ సమానమైన పని. కాబట్టి మాతేను టీలతో పోల్చక తప్పదనుకుంటే గ్రీన్ టీతో పోల్చాలి.

ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. సపెకాదోలో ఆకు నేరుగా మంటను తాకుతుంది. ‘పొగ తగలని మాతే’ అని అమ్మే రకాల్లో చాలావాటికి ఆ మాట తరువాతి దశకు మాత్రమే వర్తిస్తుంది. ఆకు జీవితంలో ఒక్కసారైనా మంట చూడని మాతే ఉంటుందని ఆ మాటను బట్టి అనుకోకూడదు.

ఆరబెట్టే పద్ధతులు

సపెకాదో నుంచి వచ్చిన ఆకు వాడి, మెత్తబడి ఉంటుందే తప్ప ఇంకా ఆరదు. దానిలోని తేమను 5 శాతం దరిదాపులకు తేవాలి. సుమారు మూడు కిలోల పచ్చి ఆకు చివరికి ఒక కిలో అవుతుంది. ఎండ పుష్కలంగా ఉండే ప్రాంతంవారికి వెంటనే కలిగే ప్రశ్న, ఎండలో పరచి ఆరబెట్టవచ్చు కదా అన్నది. మిసియోనెస్‌లో కోతలు జరిగేది చలికాలంలో. అక్కడ పొడి కాలమంటూ స్పష్టంగా ఏదీ లేదు, ఏడాది పొడవునా వానలు పడతాయి, చలికాలపు ఉదయాలు మంచుతో తడిసి ఉంటాయి, పైగా ఆకు దళసరిది. తేమ నెమ్మదిగా పోతే ఆకు బూజు పడుతుంది, పులిసిన వాసన వేస్తుంది. అందువల్ల ఆ అడవుల్లో నిప్పుతో ఆరబెట్టడం అవసరం నేర్పిన విద్య. రుచి దాని వెంట వచ్చింది. తరాలు గడిచేకొద్దీ జనం ఆ రుచికి అలవాటుపడి, దాన్నే అసలైన మాతే రుచిగా ఎంచుకున్నారు.

పాత పద్ధతుల్లో అన్నిటికంటే సరళమైనది కారీజో. కర్రలతో పందిరి కట్టి, దాని మీద కొమ్మలు పరచి, కింద నేరుగా మంట వేస్తారు. దక్షిణ బ్రెజిల్‌లోని కొన్ని గ్రామీణ కుటుంబాలు దీన్ని ఇప్పటికీ నిలుపుకొంటున్నాయి. పొగ అంతా ఆకు గుండానే పోతుంది కాబట్టి రుచిలో పొగే ముందుంటుంది.

బార్బకువా దానికి మెరుగుపరచిన రూపం. ఇందులో కొలిమి ఒకచోట, ఆకు ఇంకొకచోట ఉంటాయి. కొలిమి నుంచి నేలలో తవ్విన సొరంగం గుండా వేడిగాలి కొంత దూరం ప్రయాణించి, గుమ్మటంలా వంచి కట్టిన కర్రల తడిక కింద పైకి లేస్తుంది. ఆ తడిక మీద ఆకు మందంగా పోసి ఉంటుంది. సొరంగంలో ప్రయాణించేటప్పుడే నిప్పురవ్వలు ఆరిపోతాయి, బూడిద కొంత కిందికి దిగిపోతుంది, సెగ తీవ్రత తగ్గుతుంది. పది గంటల నుంచి ఒక పగలూ రాత్రీ వరకు ఇలా సాగుతుంది. ఈ పని బాగోగులన్నీ చూసే మనిషిని ఉరూ అంటారు. అతను రాత్రంతా మెలకువగా ఉండి, ఆ వేడిలోనే ఆకును పొడవాటి కర్రతో తిరగేస్తూ, ఎక్కడ తడి మిగిలిందో చేత్తో నలిపి చూస్తూ, కొలిమిలో కట్టెలు ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో చెబుతుంటాడు. ఒక్క రవ్వ ఎగసిపడినా సరుకంతా కాలిపోయే ప్రమాదం ఉంది. కొలతల యంత్రాలు చేయలేని పనిని చూపుతో, స్పర్శతో, వాసనతో చేసిన ఈ మనుషుల నైపుణ్యాన్ని మాతే చరిత్రలో ఇంకా సరిగా నమోదు చేయలేదని నా అభిప్రాయం. బార్బకువా మాతే రుచి గాఢంగా ఉంటుంది. మొదటి గుక్కలో పొగ, ఆ వెనుక కట్టె, తోలు వంటి వాసనలు, చివరగా నిదానమైన చేదు తెలుస్తాయి. ఎక్కువసేపు తక్కువ సెగలో ఆరడం వల్ల పచ్చి కనరు దాదాపుగా మిగలదు.

ఇప్పుడు అర్జెంటీనాలో ఎక్కువ సరుకు ఆరేది పట్టా యంత్రాల మీద. ఇనుప జల్లెడ వంటి వెడల్పాటి పట్టా మీద ఆకు పలుచగా పరచుకొని నెమ్మదిగా కదులుతుంటే కింది నుంచి వేడిగాలి వీస్తుంది. కొద్ది గంటల్లో పని ముగుస్తుంది. బ్రెజిల్‌లో తిరిగే డ్రమ్ముల వాడకం ఎక్కువ. వాటిలో ఇంకా త్వరగా ఆరుతుంది కాబట్టి పచ్చదనం బాగా నిలుస్తుంది. త్వరగా ఆరిన ఆకులో ఎండుగడ్డి వాసన, పచ్చిదనం, చురుకైన చేదు ముందుకు వస్తాయి. పొగ వెనక్కి తగ్గుతుంది.

వెనక్కి తగ్గుతుందన్నాను గానీ పూర్తిగా పోతుందనలేదు. పట్టా యంత్రమైనా, డ్రమ్మయినా, వేడిగాలి ఎక్కడి నుంచి వస్తోందన్నది వేరే ప్రశ్న. కొలిమి వాయువులను నేరుగా ఆకు మీదికి పంపే యంత్రాలున్నాయి. కొలిమి వేడితో శుభ్రమైన గాలిని మాత్రమే వేడిచేసి, ఆ గాలిని ఆకుకు పంపి, పొగను గొట్టం గుండా బయటికి వదిలేసే యంత్రాలూ ఉన్నాయి. ప్రకాశం జిల్లాలోనూ, ఒకప్పటి ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోనూ వర్జీనియా పొగాకు పండించే రైతులకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. ఆకు ఆరబెట్టే వారి బ్యారన్‌లో కొలిమి పొగ ఇనుప గొట్టాల్లోనే తిరిగి బయటికి పోతుంది. ఆకుకు సెగ తగులుతుందే గానీ పొగ తగలదు. పొగ తగలకుండా ఆరబెట్టిన మాతేది కూడా ఇదే సూత్రం. కాబట్టి యంత్రం ఆధునికమైనంత మాత్రాన పొగ తగలలేదని చెప్పలేం. అడగవలసిన ప్రశ్న యంత్రం పేరు గురించి కాదు. ఆకును తాకే గాలి కొలిమి నుంచి నేరుగా వచ్చిందా, లేక వేరుగా వేడెక్కిందా అన్నదే.

పొగలో ఏముంది

కట్టెలోని లిగ్నిన్ వేడికి విచ్ఛిన్నమైనప్పుడు గ్వాయకాల్, సిరింగాల్, క్రెసాల్ వంటి ఫినాళ్ళు పుడతాయి. పొగ వాసన అని మనం గుర్తుపట్టేది ప్రధానంగా వీటినే. కట్టె పూర్తిగా మండనప్పుడు అదే పొగలో బహువలయ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే మరో కుటుంబం కూడా తయారవుతుంది. వాటిలో బెంజోపైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని నిర్ధారణ అయింది. రెండు కుటుంబాలూ ఒకే మంట నుంచి వచ్చినా, రెండూ ఒకటి కాదు. మొదటిది ముక్కుకు తెలుస్తుంది. రెండోది ఆకులో ఉండే స్వల్ప మోతాదుల్లో వాసనకూ రుచికీ అందదు. పొగ వాసన గాఢంగా ఉందని భయపడడం గానీ, వాసన లేదని నిశ్చింతగా ఉండడం గానీ సరైన కొలత కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ విషయంలో కొన్ని కొలతలు అందుబాటులో ఉన్నాయి. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఎనిమిది బ్రాండ్ల మాతేను పరీక్షించి, గ్రాము ఆకులో బెంజోపైరీన్ సుమారు 8 నుంచి 53 నానోగ్రాముల వరకు ఉన్నట్టు చూపింది. ఒక నమూనా మీద వరుసగా పన్నెండుసార్లు వేడినీళ్ళు పోసి తీసిన కషాయాల్లోకి ఆకులోని బెంజోపైరీన్‌లో సగం దిగింది. 2012లో వచ్చిన తరువాతి అధ్యయనం అవే బ్రాండ్లను మళ్ళీ కొని పరీక్షించినప్పుడు, కొన్ని బ్రాండ్లలో అంకెలు బాగా మారిపోయాయి. ఒకే తయారీదారు వేర్వేరు పద్ధతుల్లో తయారుచేసిన రకాలను పోల్చినప్పుడు, పొగ తగలకుండా తయారుచేసిన దానిలో బెంజోపైరీన్ అన్నిటికంటే తక్కువగా ఉంది. ఒకే బ్రాండులో ఒక విడతకూ మరో విడతకూ ఇంత తేడా ఉందంటే, ఈ పదార్థాల మోతాదును నిర్ణయించడంలో చెట్టు కంటే కొలిమి పాత్రే పెద్దదని భావించడం సమంజసం. తడి కట్టె, గాలి అందని మంట, కొలిమికీ ఆకుకూ మధ్య దూరం చాలకపోవడం, ఇవన్నీ సరిదిద్దుకోగల విషయాలు.

క్యాన్సర్ గురించిన మాట వచ్చింది కాబట్టి మరో చిక్కుముడి కూడా విప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో వేడి మాతే తాగడాన్ని బహుశా క్యాన్సర్ కారకమైన అలవాట్ల జాబితాలో పెట్టింది. 2016లో కొత్త ఆధారాలను పరిశీలించి ఆ నిర్ణయాన్ని మార్చింది. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన ఏ పానీయమైనా బహుశా అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని చెబుతూ, అంత వేడిగా లేని మాతే విషయంలో ఏ నిర్ణయానికీ రావడానికి ఆధారాలు చాలవని పేర్కొంది. అంటే ఈ తీర్పు ప్రధానంగా నీటి వేడి గురించి ఇచ్చినది. పొగ అవశేషాల ప్రశ్న దాని పక్కన విడిగా ఉంది. ఒకదానికి వచ్చిన సమాధానాన్ని రెండోదానికి సమాధానంగా చూపడం పొరపాటు. పొగ అనేది మాతే ఆత్మ అని వాదించే సంప్రదాయవాదులను నేను అర్థం చేసుకోగలను, బార్బకువా రుచికి ఉన్న విలువను తగ్గించను. కానీ రోజుకు లీటరుకు పైగా, జీవితాంతం తాగే అలవాటున్న సమాజాల్లో కొలిమిని శుభ్రంగా మండించడం, ఆ వివరం పొట్లం మీద అచ్చు వేయడం కనీస బాధ్యత అని నమ్ముతాను.

కాలం చేసే పని

ఆరిన ఆకును ముతకగా నలగ్గొడతారు. ఈ దశ పేరు కాంచాదో. అక్కడి నుంచి దేశాల దారులు వేరవుతాయి, రుచిలోని అతిపెద్ద తేడా కూడా ఇక్కడే వస్తుంది. అర్జెంటీనాలో నలిగిన ఆకును సంచుల్లో నింపి, గోదాముల్లో తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళ వరకు మాగబెడతారు. ఈ కాలంలో పత్రహరితం తనలోని మెగ్నీషియం పోగొట్టుకొని ఫియోఫైటిన్‌గా మారుతుంది. దానితో పచ్చరంగు పసుపు, గోధుమ ఛాయల వైపు జారుతుంది. పసరు వాసన, గొంతు పట్టే కరుకుదనం తగ్గి, ఎండుగడ్డి, పాత కట్టె వంటి నిదానమైన వాసనలు పైకి వస్తాయి. అంతకాలం సరుకును, పెట్టుబడిని నిలిపి ఉంచలేని తయారీదారులు వేడిని, తేమను అదుపులో ఉంచే గదుల్లో ఒకటి రెండు నెలల్లోనే ఈ మార్పులను రప్పిస్తారు. రంగు విషయంలో ఆ ప్రయత్నం బాగా ఫలిస్తుంది. రుచి విషయంలో సహజంగా మాగినదే మేలని చాలామంది తాగేవారు చెబుతారు.

బ్రెజిల్ దక్షిణాన షిమరావ్ పేరుతో తాగే మాతేకు ఈ దశే లేదు. ఆరిన వెంటనే మెత్తగా పొడిచేసి, తాజాగా అమ్ముతారు. ఆ కళ్ళు చెదిరే పచ్చదనం తాజాదనానికి గుర్తు. అది నాణ్యతకు సార్వత్రికమైన కొలమానం కాదు. అర్జెంటీనావారికి అది మాగని పచ్చి సరుకు; బ్రెజిల్‌వారికి అర్జెంటీనా మాతే పాతబడి రంగు పోయిన సరుకు. ఇద్దరి మాటా వారి వారి అలవాటుకు సత్యమే.

చెట్టు కంటే తయారీయే రుచిని ఎక్కువగా నిర్ణయిస్తుందనడానికి ఉరుగ్వే చక్కని రుజువు. తలసరి వాడకంలో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న ఆ దేశం తనకు కావలసిన మాతేను దాదాపు మొత్తంగా బ్రెజిల్ నుంచే తెప్పించుకుంటుంది. కానీ ఉరుగ్వేవారు తాగేది షిమరావ్‌ను పోలి ఉండదు. వారికోసం తయారయ్యే సరుకును మాగబెడతారు, పుల్లలు దాదాపు తీసేస్తారు, పొడి ఎక్కువగా కలుపుతారు. రంగు పసుపు తిరిగి, రుచి గాఢంగా, చేదుగా ఉంటుంది. బ్రెజిల్ ఆకు నుంచే ఇంత భిన్నమైన రెండు పానీయాలు వస్తున్నాయి.

పుల్లల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆకు కంటే పుల్లలో కెఫీన్, చేదు పదార్థాలు తక్కువ. అది కలిసేకొద్దీ రుచి మెత్తబడి కాస్త తియ్యదనం తోస్తుంది, బొంబిల్యా అనే లోహపు గొట్టం పొడితో పూడుకుపోకుండా ఉంటుంది. అర్జెంటీనా ఆహార నియమావళి పుల్లలున్న రకంలో వాటిని 35 శాతం వరకు, పుల్లలు తీసిన రకంలో 10 శాతం వరకు అనుమతిస్తుంది. పరాగ్వేలో చల్లని నీటితో తాగే తెరెరేకు ముతక ఆకు, పుల్ల, తరచూ పుదీనా వంటి మూలికలు వాడతారు. పోహా న్యానా అనే మూలికా సంప్రదాయంతో ముడిపడిన ఈ తెరెరే ఆచారాన్ని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. చల్లని నీరు చేదును నెమ్మదిగా దించుతుంది కాబట్టి పొగ రుచి తెరెరేలో స్పష్టంగా, ఇబ్బంది పెట్టకుండా తెలుస్తుంది. బార్బకువా మాతేను మొదటిసారి రుచి చూడదలచినవారికి ఇదే తగిన దారి అని చెబుతాను.

బ్రెజిల్‌లోనే, ముఖ్యంగా రియో డి జనీరో వైపు, ఆరిన ఆకును మళ్ళీ బాగా వేయించి చేసే మరో పానీయం ఉంది. దాన్ని చల్లబరచి సముద్రతీరాల్లో అమ్ముతారు. వేయించడంతో క్లోరోజెనిక్ ఆమ్లాలు చాలావరకు విచ్ఛిన్నమై, పైరజీన్లు, ఫ్యూరాన్లు వంటి వేపుడు వాసనలు పుడతాయి. రంగు ముదురు గోధుమ, రుచి తియ్యని వేపుడు. పొగ రుచినీ ఈ వేపుడు రుచినీ ఒకటిగా భావించేవారున్నారు. మొదటిది బయటి కట్టె నుంచి వచ్చి ఆకుకు అంటుకుంటుంది, రెండోది ఆకులోని చక్కెరలు, అమైనో ఆమ్లాల నుంచే పుడుతుంది.

పొట్లం కొనేటప్పుడు ఈ వివరాలన్నిటినీ పట్టుకోవడానికి మూడు మాటలు సాయపడతాయి. బార్బకువా అని ఉంటే పొగ రుచి ఉంటుందని అర్థం. సిన్ ఉమో అని ఉంటే ఆరబెట్టే దశలో పొగ తగలలేదని అర్థం. దెస్పలాదా అని ఉంటే పుల్లలు తీసేశారని, చేదు పెరుగుతుందని అర్థం. మాగిన కాలాన్ని నెలల్లో రాసే తయారీదారులు కొందరున్నారు. అలాంటి పొట్లం దొరికితే దాన్నే ఎంచుకోవడం మంచిది. నీటి వేడి సాధారణంగా 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలంటారు. మరిగే నీరు పోస్తే చేదు పదార్థాలన్నీ ఒక్కసారిగా దిగి, మూడో విడతకల్లా ఆకులో రుచి మిగలదు. ముందు కొద్దిగా చల్లని నీటితో ఆకును తడిపి, ఆ తరువాతే వేడినీరు కొంచెం కొంచెంగా పోసి, గుక్క నోటికి చేరేసరికి 65 డిగ్రీలకు దిగువన ఉండేలా ఆగి తాగితే, ఆకు రుచి ఎక్కువ విడతలు నిలుస్తుంది, అతివేడి వల్ల అన్నవాహికకు కలిగే ముప్పూ తగ్గుతుంది.